ఓడిపోతే బతుకుతాడు

మా మేనత్త ఆల్మేటా ఫ్రిప్ తన ఇంటిముందు పాతిన ఎన్నికల అట్టబోర్డును తనే పీకేసింది. మోకాలికేసి విరిచి, పిల్లల బొమ్మ ఉన్న ముక్కను మాత్రం గట్టు మీద పెట్టి, మిగతాదంతా కట్టెల పొయ్యిలో కుక్కింది. అప్పటికి ఆమెకు డెబ్భై దాటాయి. అంతకు రెండు నెలల ముందు ఆ బోర్డు కోసం నా ప్రాణాలు తోడేసింది కూడా తనే. "దీవిలో అందరి ఇళ్ళముందూ వాడి బొమ్మ ఉంది, నా ఇంటిముందే లేదు. నేనేం పాపం చేశానే లవీనియా?" అని నా పార్లర్‌కి వచ్చి, తలలు కడిగించుకుంటున్న ఆడవాళ్ళందరి ముందూ గోల చేస్తే, నేనే తీసుకెళ్ళి పాతాను. బోర్డు మీద అతను, అతని భార్య, కూతురు నయోమి, ముందు పళ్ళు ఊడిన కొడుకు జూలియన్. నలుగురూ నవ్వుతూ ఉంటారు.

విరిచింది ఎందుకంటే, ముందురోజు అతను గెలిచాడు.

అతనికి మంచి పేరే ఉంది. దేశమంతా ఆ పేరుతోనే పిలిచింది. మా దీవిలో మాత్రం "మనవాడు టీవీలో వస్తున్నాడు", "మనవాడి గొంతు పోయింది చూడు, తేనె తాగమని ఎవరైనా చెప్పండి" అనే వాళ్ళమే గానీ పేరు ఎత్తిన పాపాన పోలేదు. ఉత్తరాది సెనేటరు, మాలాగే నల్లవాడు, దేశాధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ముందు సొంత పార్టీలో గెలవాలి. అది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రోజు తేలుతుంది. మొట్టమొదటి ఓటింగు ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య, మంచు కురిసే రాష్ట్రంలో జరిగింది. అక్కడ నల్లముఖం కనబడాలంటే దీపం పెట్టి వెతకాలి. అలాంటిచోట తెల్లవాళ్ళు చలిలో వరసకట్టి నిలబడి మనవాణ్ణి గెలిపించారు. మర్నాడు పొద్దున నేను చిలగడదుంప కేకు పట్టుకుని, ఎగురుకుంటూ అత్త ఇంటికి వెళ్ళేసరికి పొయ్యిలో అట్ట కాలుతోంది.

"అత్తా, నీకేమైనా పిచ్చెక్కిందా? గెలిచాడు కదా!"

"అందుకే."

"అందుకే ఏంటి?"

"నిన్నటిదాకా వాడు ఓడిపోయేవాడు. ఓడిపోయేవాడి జోలికి ఎవరూ పోరు. నవ్వుకుని వదిలేస్తారు. ఇవాళ్టి నుంచి గెలిచేవాడయ్యాడు." పొయ్యి తలుపు మూసి చేతులు దులుపుకుంది. "కేకు అక్కడ పెట్టి వెళ్ళు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కేకు పెట్టలేదు, వెనక్కి తీసుకొచ్చేశాను.

అప్పటిదాకా మా పార్లర్‌లో లెక్కలు వేరుగా ఉండేవి. ఆ చలికాలమంతా ఒకటే చర్చ, తెల్లవాళ్ళు మనవాడికి వేస్తారా, వెయ్యరా అని. మిస్ హేగర్ అని మా దగ్గరికి వారంవారం వచ్చే పెద్దావిడ ఉంది. పీతలు అమ్మి ఆరుగురు పిల్లల్ని పెంచింది. ఆవిడ తలమీద టోపీలాంటి ఆ వేడి యంత్రం కింద కూర్చుని తీర్పులు చెప్పేది.

"వాళ్ళు మన పాట వింటారు, మన ఆట చూస్తారు, మన వంట లొట్టలేసుకుంటూ తింటారు. ఇంటి తాళంచెవి ఇయ్యమంటే మాత్రం, అయ్యగారు ఊళ్ళో లేరంటారు."

"అందరూ ఒకలా ఉండరు మిస్ హేగర్."

"ఉండరమ్మా. కొందరు తలుపు వేసేముందు సారీ చెప్తారు."

అందరూ పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని గానీ, లోపల ఉడికిపోయేదాన్ని. మా దీవిలో మనవాడి ప్రచారం చూసుకునేది నేనే. జీతం లేదు, భత్యం లేదు. ఇంటింటికీ తిరిగి, "గెలవడు కదా, ఎందుకమ్మా ఎండలో తిరుగుతావు?" అనిపించుకుని వచ్చేదాన్ని. ఆ మంచు రాష్ట్రం ఫలితంతో అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఇక మా సౌత్ కెరొలైనా వంతు. ఇక్కడ పార్టీ ఓటర్లలో సగం మంది మేమే. ఇక్కడ గెలిస్తే మనవాణ్ణి ఆపేవాడు లేడు. సరిగ్గా ఆ సమయానికి మా అత్త అడ్డం తిరిగింది.

ఆమె అడ్డం తిరిగితే ఏమవుతుందో బయటివాళ్ళకు తెలియదు. దీవిలో ముసలివాళ్ళందరినీ ఓటింగుకు తీసుకెళ్ళే చర్చి వ్యాను తోలేది ఆల్మేటా. నలభై ఏళ్ళుగా ఆ పని ఆమెదే. ఆమె ఎటు అంటే వ్యాను అటు, వ్యాను ఎటు అంటే ముసలివాళ్ళు అటు.

ఆమెకు ఆ పెద్దరికం ఊరికే రాలేదు. పెళ్ళయ్యేనాటికి ఆల్మేటాకు అక్షరం రాదు. వంతెన దగ్గర ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పని. చేతినిండా కత్తిగాట్లు. ఆ రోజుల్లో మాబోటి వాళ్ళు ఓటరుగా నమోదు కావాలంటే బల్ల అవతల కూర్చున్న తెల్లదొర ముందు రాజ్యాంగంలో ఒక ముక్క చదివి చూపించాలి. ఒక కిరాణా కొట్టు వెనకగదిలో దొంగచాటుగా నడిచే బడిలో ఆమె చదువు నేర్చుకుంది. మొదటిసారి వెళితే ఆ దొర నత్తిగా ఉందన్నాడు. రెండోసారి భోజనానికి లేచిపోయాడు. మూడోసారి వెళ్ళి, అతను లేచేలోగా గుక్క తిప్పుకోకుండా చదివేసింది. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, ఆ దొర మొహం ఎలా మాడిందో అభినయించి చూపించేది. నేను చిన్నప్పుడు మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని చంపేదాన్ని.

ఓటు వచ్చాక ఆమె ఆగలేదు. భర్త కార్నీలియస్‌ని కౌంటీ కౌన్సిలుకు నిలబడమంది. ఆయన రొయ్యల పడవ మనిషి. నోట్లో నాలుక లేనివాడు.

"నాకెందుకే ఆల్మేటా ఈ గొడవ? వలలు చూసుకునేవాణ్ణి."

"నువ్వు నిలబడు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

చూసుకుంది. పడవలోకీ, పొలంలోకీ, షెడ్డులోకీ వెళ్ళి ఒక్కొక్కరినీ ఒప్పించింది. ఆ వేసవంతా తెల్లవాళ్ళు ఏమీ అనలేదు. పట్నంలో కార్నీలియస్ కనిపిస్తే టోపీలు ఎత్తి, "కౌన్సిలరు గారూ, రొయ్యలు ఏ దిక్కున ఉన్నాయో సెలవిస్తారా?" అని ఎగతాళి చేసేవారు. ఆయన కూడా నవ్వేవాడు. తీరా ఓట్లు లెక్కపెడితే ఆయనే గెలిచాడు. ఆ వారమే, సంత నుంచి వస్తుంటే, వంతెన దిగిన మలుపులో ఆయన్ని ట్రక్కులోనే కాల్చేశారు. ఎవరు కాల్చారో దీవిలో అందరికీ తెలుసు. ఒక్కణ్ణి కూడా పట్టుకోలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే మా అత్త ఎవరికీ అర్థం కాదు. మాలో ఎవరైనా పోతే, ఆ మనిషికి ప్రాణమైన పసిపిల్లల్ని శవపేటిక మీదుగా దాటిస్తారు. ఇటుపక్క ఒకరు ఎత్తి అందిస్తే అటుపక్క ఇంకొకరు అందుకుంటారు. బిడ్డ పేరు గట్టిగా పిలుస్తారు. అలా చేస్తే పోయినవాళ్ళు బెంగతో వెనక్కి వచ్చి బిడ్డను పిలవరు. కార్నీలియస్ పోయేనాటికి కొడుకు లెవీకి మూడేళ్ళు. పెద్దలు వచ్చి చేతులు చాపితే ఆల్మేటా బిడ్డను ఇవ్వలేదు.

"ఆయన్ని రానివ్వండి" అందట. "కొడుకుని చూసుకోవడానికైనా వస్తాడు. రానివ్వండి."

ఎంతమంది చెప్పినా వినలేదు. ఆ ఏడాదంతా లెవీ పొద్దు వాలేసరికి అరుగు మీద కూర్చుని నాన్నతో మాట్లాడేవాడట. మరుసటి వేసవిలో, పాటు తీసి నీళ్ళు తగ్గిన సమయంలో, తండ్రి పడవ కట్టే చోటు దాకా ఒక్కడే బురదలో నడుచుకుంటూ వెళ్ళాడు. పోటు వచ్చింది. దొరికేసరికి ప్రాణం లేదు. పెద్దలెవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది అని ఆమె నాతో ఒకసారి అంది.

ఇంత జరిగినా ఆమె ఓట్ల పని మానలేదు. అదే నాకు ఎప్పటికీ ఆశ్చర్యం. తర్వాత్తర్వాత మావాళ్ళు చాలామంది చిన్నాచితకా పదవులు గెలిచారు. స్కూలు బోర్డు, కౌన్సిలు, ఒకసారి జడ్జి కూడా. గెలిచిన ప్రతివాడి ఇంటికీ మా అత్త మరుసటి రోజు నుంచే ఎర్రన్నం వండుకుని వెళ్ళేది. టమాటాలు, సాసేజీ ముక్కలు వేసి ఆమె వండే అన్నానికి దీవిలో పేరుంది. గిన్నె లోపల ఇచ్చి, వాళ్ళ అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆ మనిషి పనినుంచి ఇంటికి చేరేదాకా లేచేది కాదు. అలా ఒక నెల. కొత్తగా గెలిచినవాళ్ళు దీన్ని గౌరవం అనుకునేవారు. వాళ్ళకు ఎవరూ అసలు సంగతి చెప్పలేదు.

బోర్డు కాల్చిన వారానికి అత్త వ్యాను వేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. మనవాడికి వెయ్యొద్దు, ఎదుటివాడికి వెయ్యండి అని. ఎదుటివాడు తెల్లాయన, మాజీ గవర్నరు. మర్యాదస్తుడే. మా చర్చిలకు వచ్చి తాళం తప్పకుండా చప్పట్లు కూడా కొట్టేవాడు. నేను వెళ్ళి తలుపు తడితే ముసలమ్మలు నా కళ్ళలోకి చూసేవారు కాదు. "వాడికి చిన్నపిల్లలమ్మా" అనేవారు. అదే మాట ప్రతి ఇంట్లో. ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలుసు.

చివరికి నేనే ఆమె మీద ప్రార్థన ఇంట్లో ఫిర్యాదు చేశాను.

మాలో మాకు తగువొస్తే కోర్టుకు వెళ్ళం. ముందు ప్రార్థన ఇంట్లో పెద్దల ముందు పెట్టాలి. ఒక్క గది, చెక్క బెంచీలు, అంతే. తగువు పడ్డ ఇద్దరూ లేచి చెప్పుకోవాలి. పెద్దలు ఏం చెప్పినా, చివర ఇద్దరూ చేతులు కలపాలి. కలిపేదాకా, అందరూ గుండ్రంగా తిరుగుతూ పాడే ప్రార్థన పాటలో కాలు కదపడానికి వీల్లేదు. ఆదివారం మధ్యాహ్నం గది నిండిపోయింది. చర్చి డీకన్ బ్రిస్టో హేవర్డ్ అక్కడ పెద్దమనిషి. ఎనభై దాటాయి, ఒక చెవి వినబడదు, రెండోది తనకు కావలసినప్పుడే వినబడుతుంది.

"చెప్పు లవీనియా. అత్త మీదకే తగువు తెచ్చావు. నీ నోటికి మొదట్నుంచీ భయం లేదు" అన్నాడు.

"నాది తగువు కాదు డీకన్. బాధ. నలభై ఏళ్ళు మనల్ని వెనకనుంచి తోసింది ఈవిడే. ఓటు వెయ్యండి, నిలబడండి, భయపడకండి అని. ఇవాళ మనవాడు పై మెట్టు దాకా వస్తే, దిగిపొమ్మంటోంది. తెల్లవాళ్ళు ఆపలేకపోయారు, మనమే ఆపుదామా? భయపెట్టినవాళ్ళ పని మనం చేసిపెడుతున్నాం. అంతకంటే సిగ్గుచేటు ఉందా?"

బెంచీల్లో కొందరు తలూపారు. నాకు ధైర్యం వచ్చింది. అత్త లేచింది. గట్టిగా మాట్లాడుతుందనుకున్నాను, మాట్లాడలేదు.

"ఇది చెప్పిందాంట్లో తప్పేం లేదు. భయమే. నాకు భయమే" అంది. "కార్నీలియస్‌కి నిలబడాలని లేదు. మీకందరికీ తెలుసు. నేను నిలబెట్టాను. మీరు ఓట్లేశారు. మనందరం కలిసి ఆయన్ని ఆ మలుపు దాకా పంపించాం. తర్వాత గెలిచిన ప్రతివాడి అరుగు మీదా నేను కూర్చున్నాను. వీడు గెలిస్తే ఎక్కడ కూర్చోను? అధ్యక్షుడుండే ఆ తెల్లింటి అరుగు మీద నన్ను కూర్చోనిస్తారా? గిన్నె పట్టుకుని వెళ్తే గేటు తీస్తారా?"

అత్త బెంచీల వైపు తిరిగింది.

"వాడి పెళ్ళాం వయసెంత? నాకప్పుడు అంతే. ఆ పిల్లాడికి ఊడిన పళ్ళు కూడా ఇంకా రాలేదు. ఓడిపోతే ఏమవుద్ది? నాలుగు రోజులు ఏడుస్తాడు. ఇంటికెళ్ళి పిల్లల్తో అన్నం తింటాడు. ఓడిపోతే బతుకుతాడు. వాణ్ణి బతకనియ్యండి. అంతకంటే నేనేం అడగట్లేదు."

మిస్ హేగర్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. డీకన్ లేచి నిలబడ్డాడు.

"ఆల్మేటా తప్పు చేసిందని నేను చెప్పలేను. లవీనియా తప్పు చెప్పిందనీ అనలేను" అన్నాడు. "ఓటు నొక్కే వేలు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంది. చేతులు కలపండి."

కలిపాం. గాట్లతో గరుకుగా ఉండే ఆ చెయ్యి ఆ రోజు చల్లగా ఉంది. నేను ఓడిపోయానని నాకు తెలిసిపోయింది. ముసలివాళ్ళ మొహాలు చూస్తేనే తెలుస్తోంది.

ఓటింగు శనివారం పెట్టారు. దీవి మధ్యలో ఉన్న బడిలో యంత్రాలు. ప్రచారం చేసేవాళ్ళు గేటు లోపలికి రాకూడదు గనక నేను రోడ్డు అవతల బోర్డు పట్టుకుని నిలబడ్డాను. వ్యాను వచ్చింది. అత్త దిగి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని దించింది. డీకన్, మిస్ హేగర్, వాకర్లతో ఇద్దరు, చూపు లేనాయన ఒకడు. అందరూ ఆదివారం బట్టలు వేసుకున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. పెళ్ళికి కాదు, చావుకి వెళుతున్నట్టు లోపలికి వెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది. రోడ్డుమీద అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

చివరగా బయటికొచ్చింది అత్త. లోపల చాలాసేపు ఉండిపోయిందని తర్వాత అక్కడివాళ్ళు చెప్పారు. ఒకావిడ దగ్గరికెళ్ళి సాయం కావాలా అని కూడా అడిగిందట. అత్త నా ముందు ఆగి, "ఎక్కు. మిస్ హేగర్ మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, దించేటప్పుడు ఒక మనిషి కావాలి" అంది.

ఎక్కాను. ఓటు వేసి వెనక్కి వచ్చేటప్పుడు ఆ వ్యానులో పాటలు మోగాలి. నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, ఓడినా గెలిచినా పాడుకుంటూనే వచ్చేవాళ్ళు. ఆ రోజు ఒక్క గొంతు లేవలేదు. బురదగడ్డి పాయల పక్కన రోడ్డు మీద వ్యాను మెల్లగా పోతోంది. డీకన్ గొంతు సవరించుకున్నాడు.

"ఆల్మేటా."

"ఊఁ."

"నీ మాట వినలేదు నేను. మనవాడికే వేశాను. నాకు ఎనభై మూడేళ్ళు. మళ్ళీ ఇలాంటి పేరు ఆ తెరమీద చూస్తానో చూడనో అనిపించింది."

వెనకనుంచి మిస్ హేగర్ ముక్కు చీదింది.

"నేనూ అంతే ఆల్మేటా. తిట్టుకో. వేలు అటే పోయింది."

"నేనూ" అన్నారు ఇంకొకరు. చూపులేనాయన, "నాకు ఎవరో చదివి వినిపించారు. వినగానే అదే అన్నాను" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఒప్పుకున్నారు. పాట ఎత్తుకుందామని నోరు తెరిచాను. అప్పుడు వ్యాను రోడ్డు పక్కకు దిగి ఆగింది. అత్త ఇంజను ఆపేసింది. స్టీరింగు మీద నుదురు ఆనించింది.

"నేనూ" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ గవర్నరు పేరు మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. నొక్కితే, కార్నీలియస్ చచ్చింది ఒట్టికే అని నేనే చెప్పినట్టవుతుంది. తీసి వాడి పేరు నొక్కాను." ఆమె భుజాలు అదిరాయి. "మళ్ళీ నేనే పంపించాను. ఒకడు చాలలేదు నాకు. చంపేశాం కదర్రా వాణ్ణి. మనమే చంపేశాం."

ఆ ఏడుపు నేను ఇంతకుముందు వినలేదు, మళ్ళీ వినకూడదు. ముసలివాళ్ళంతా సీట్లలోంచి చేతులు చాపి ఆమె వీపు మీద వేశారు. నేను పాట ఎత్తుకోలేదు.

మా రాష్ట్రంలో మనవాడు గెలిచాడు. మామూలుగా కాదు, దుమ్ము దులిపాడు. ఆ తర్వాత ఇంకో రాష్ట్రం, ఇంకోటి. దీవిలో ప్రతి గెలుపుకీ చేపలు వేయించుకుని పండగ చేసుకున్నారు. మా అత్త ప్రతి గెలుపుకీ కొంచెం కొంచెంగా తిండి మానేసింది. విరిచిన బోర్డులో మిగిల్చిన ముక్కను, నయోమి జూలియన్ల బొమ్మను, వంటింటి గోడమీద లెవీ ఫోటో పక్కన అంటించింది. అన్నం వండుతూ వాళ్ళతో మాట్లాడేది. "ఇవాళ మీ నాన్న ఎక్కడున్నాడు? బయట నిలబడొద్దని చెప్పండి."

ప్రార్థన ఇంట్లో అందరూ మనవాడి గెలుపు కోసం ప్రార్థిస్తుంటే ఆమె లేచి నిలబడి, "తండ్రీ, వాణ్ణి ఓడించు. నా ఓటును నీళ్ళలో కలుపు. వాణ్ణి ఇంటికి పంపించు" అని పెద్దగా ప్రార్థించేది. కుర్రకారుకి కోపం వచ్చింది. డీకన్ ఆమెను ఎన్నడూ ఆపలేదు.

నేను కూర్చోబెట్టి చెప్పి చూశాను. "అత్తా, అప్పటి రోజులు కావివి. అతని చుట్టూ మనుషులున్నారు. తుపాకులున్నాయి. ముందు నాలుగు కార్లు, వెనక నాలుగు కార్లు."

"కార్నీలియస్‌కి కుక్క ఉండేది" అంది.

"కుక్కా, వాళ్ళూ ఒకటేనా?"

"మంచి కుక్కే. అదీ ట్రక్కులోనే ఉంది." నా వైపు తిరిగి అంది, "నువ్వు వాణ్ణి గెలిపించాలనుకుంటున్నావు. నేనూ అనుకున్నాను ఆయన్ని. తప్పు కాదులే. తర్వాత ఏం చెయ్యాలో చెప్పు, అది చాలు. గెలిచాక వాణ్ణి ఎక్కడ దాచాలి?"

ఆ రోజు మొదటిసారి నాకూ భయం వేసింది. పైకి ఒప్పుకోలేదు.

ఆగస్టులో పార్టీ మనవాణ్ణి తన అభ్యర్థిగా ప్రకటించింది. పెద్ద మైదానంలో, పైకప్పు లేనిచోట, వేలమంది మధ్య అతను భార్యాపిల్లలతో నిలబడి చేతులూపాడు. మా అత్త టీవీ దగ్గరికి వెళ్ళి, తెరమీద పిల్లలకు అడ్డంగా రెండు చేతులూ పెట్టి నిలబడింది. ఆ ప్రసంగం అయ్యేదాకా అలాగే నిలబడిందని పక్కింటావిడ చెప్పింది. మర్నాడు పెరట్లో బెండకాయలు కోస్తూ కూలిపోయింది. గుండె అన్నారు. ఒళ్ళో బెండకాయలు అలాగే ఉన్నాయి.

నీళ్ళ ఒడ్డున, కార్నీలియస్ పక్కన, లెవీ పక్కన ఆమెకు గొయ్యి తీశారు. మా పద్ధతి ప్రకారం వాళ్ళ సమాధుల మీద పెట్టిన, వాళ్ళు చివరిగా వాడిన పగిలిన కప్పులూ, ఆగిపోయిన గడియారమూ అలాగే ఉన్నాయి. దించేముందు పిల్లల్ని దాటించాలి. అత్తకు ప్రాణమైన పసిది నా మనవరాలే, మూడేళ్ళది. నా కూతురు ఇటునుంచి ఎత్తి ఇచ్చింది. పేరు పిలిచి నేను అటునుంచి అందుకున్నాను. ఇక పెట్టెను దించుతారనుకుంటుండగా డీకన్ బ్రిస్టో చెయ్యెత్తి ఆపాడు. కోటు లోపలినుంచి ఒక అట్టముక్క తీశాడు. వంటింటి గోడమీద ఉండేదే.

"వీళ్ళని కూడా దాటించాలి" అన్నాడు.

ప్రచారానికి పట్నం నుంచి వచ్చిన ఒక చదువుకున్నబ్బాయి, "అయ్యా, వాళ్ళు ఈవిడ పిల్లలు కారు కదా. ఈవిణ్ణి చూడనైనా లేదు వాళ్ళు" అన్నాడు.

"ఎవరి గురించి బెంగపెట్టుకుని పోయిందో వాళ్ళని దాటించాలి నాయనా. కన్నదా కాదా అని లెక్క లేదు. దాటించకపోతే ఆల్మేటా నిద్రపోదు. ఆ ఇంటి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ పిల్లల్ని పిలుస్తుంది. ఒకసారి చూశాం మనం." ఆయన నా వైపు తిరిగాడు. "అందుకో లవీనియా. పేర్లు గట్టిగా పిలు."

మిస్ హేగర్ ఇటుపక్కనుంచి రెండు చేతుల్తో, బిడ్డను పట్టుకున్నట్టే, తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది. పెట్టె మీదుగా వంగి నాకు అందించింది. వందల గుమ్మాల ముందు నేను ఆ కుటుంబం గురించి గడగడా చెప్పాను. అప్పుడు చెప్పాల్సినవి రెండే పేర్లు. పిలిచాను. నయోమి. జూలియన్. అందరూ నా వెంట పిలిచారు. పెట్టెను దించారు.

అసలు ఎన్నిక నవంబరులో. అది ఇంకా రాలేదు. వ్యాను తాళాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. అట్టముక్క నా వంటింట్లో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అత్త పెట్టినట్టే గోడకు అంటించాను. మొన్న పార్లర్‌లో జుట్టు దువ్వించుకుంటూ ఎవరో అడిగారు, "లవీనియా, నిజం చెప్పు. మనవాడు గెలుస్తాడా?" అని. ఈసారి మిస్ హేగర్ కూడా ఎగతాళి చెయ్యలేదు. అందరూ అద్దంలో నా మొహమే చూస్తున్నారు.

"గెలుస్తాడు" అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎర్రన్నం వండాను. గిన్నె మీద మూత పెట్టి, గుడ్డ చుట్టి, చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. ఎవరింటికి తీసుకెళ్ళాలో తెలియలేదు.